బేజా జీవితము : ఆత్మకథనము - గ్రంథసాక్ష్యము

క్రీ. శ. 16వ శతాబ్దమున యూరపు ఖండమునందు నడచిన క్రైస్తవమతసంస్కరణమునకు జెనీవా నగరము ఒక ప్రధానపీఠము. ఆ పీఠమునకు ప్రతిష్ఠ కలిగించినవాడు జాన్ కాల్విన్. కాల్విన్ మరణానంతరము దాని భారమును చిరకాలము వహించినవాడు తియొడోర్ బేజా. ఈతడు 1519 జూన్ 24వ తేదీన ఫ్రాన్సు దేశమున బర్గండీ సీమలోని వెజ్‌లే పట్టణమున జన్మించి, 1605 అక్టోబరు 13వ తేదీన జెనీవాలో తన 86వ యేట దివంగతుడయ్యెను. ఈతని జీవితమును వ్రాసినవారు పలువురు. వారిలో అభిమానులును కలరు, పగవారును కలరు. ఈ యిరుతెగలవారును ఒక్క విషయమున మాత్రము ఏకాభిప్రాయులు. బేజా జీవితము 1548వ సంవత్సరమున రెండుగా తెగినదనియు, అంతకు పూర్వము ఆతడు శృంగారకవి యనియు, అటుపిమ్మట మతాచార్యుడనియు, మొదటివాడు గతింపగా రెండవవాడు పుట్టెననియు వారందఱును చెప్పుదురు. అభిమానులు దీనిని దైవానుగ్రహమునకు నిదర్శనముగా చూపుదురు. పగవారు ఆ మొదటివాని దోషములను రెండవవాని తలకు చుట్టుదురు.

ఈ విభాగము బేజా స్వయముగా చేసికొన్నదే. అట్లయినను దానిని యథాతథముగా అంగీకరించుట విమర్శకునకు తగునా యనునదియే ఈ వ్యాసమున మేము విచారింపదలచిన విషయము. కవి తన్నుగూర్చి తాను చెప్పుకొన్న మాట ఒక సాక్ష్యము. ఆతని గ్రంథములు మఱియొక సాక్ష్యము. ఈ రెండును విభేదించినప్పుడు గ్రంథములకే ప్రాబల్య మీయవలెనని మా తలంపు. బేజా విషయమున ఆ గ్రంథములు మనకు చూపునది విచ్ఛేదము కాదు, అవిచ్ఛిన్నత. ఆ అవిచ్ఛిన్నత ఆతనికి కొన్నియెడల కీర్తికరము, ఒకయెడ మాత్రము మచ్చ.

ముందుగా జీవితవిశేషములను సంగ్రహముగా తెలిసికొందము. బేజా తండ్రి పియెర్ వెజ్‌లే పట్టణమున రాజోద్యోగి. తల్లి శైశవముననే గతించెను. పారిస్ నగరపు ఉన్నత న్యాయస్థానమున సభ్యుడుగా నుండిన తండ్రి సోదరుడు నికొలా బాలుని తన కడకు తెచ్చుకొనెను. 1528లో బాలుడు ఓర్లియాన్ నగరమున మెల్కియోర్ వోల్మార్ అను జర్మను పండితుని యింట విద్యార్థిగా చేరెను. వోల్మార్ గ్రీకుభాషలో దిట్ట, సంస్కరణవాదమునందు మక్కువ గలవాడు. గురువు బూర్జ్ నగరమునకు పోగా శిష్యుడును వెంట పోయెను. 1534 అక్టోబరులో కథోలిక పూజావిధానమును దూషించు ప్రకటనపత్రములు ఫ్రాన్సున గోడలపై వెలసినపుడు రాజాగ్రహము ప్రబలెను. మఱుసటి సంవత్సరము వోల్మార్ స్వదేశమునకు మరలిపోయెను. బేజా ఓర్లియాన్ చేరి న్యాయశాస్త్రము చదివి 1539లో పట్టము పొందెను. కాని ఆతని మనస్సు న్యాయగ్రంథములపై లేదు, లాటిను కవులపై నుండెను. పారిస్‌లో మఠమాన్యముల ఆదాయము ఆతనికి సమకూడెను. వివాహము ప్రకటించినచో ఆ మాన్యములు నిలువవు. కావున 1544లో ఆతడు క్లోదీన్ దెనోస్ అను యువతిని ఇద్దఱు మిత్రుల సమక్షమున రహస్యముగా వరించి, తగిన సమయమున బహిరంగముగా పెండ్లాడుదునని మాట యిచ్చెను. 1548లో తన లాటిను పద్యములను సంపుటముగా ప్రకటించెను. కొలదికాలమునకే తీవ్రవ్యాధి సోకెను. స్వస్థుడైన పిమ్మట మాన్యములను, బంధువులను విడిచి, క్లోదీన్‌తో కూడ అక్టోబరు నెలలో జెనీవా చేరి, అచ్చటి దేవాలయమున ఆమెను యథావిధిగా పరిణయమాడెను. 1550లో పారిస్ న్యాయస్థానము ఆతని ప్రతిమను దహింపవలెననియు, ఆస్తిని జప్తు చేయవలెననియు తీర్పు చెప్పెను.

ఈ కథలో బేజా అంతరంగమునకు సంబంధించిన భాగమునకు మూలము ప్రధానముగా ఒక లేఖ. 1560లో బేజా తన విశ్వాసప్రకటనగ్రంథమును లాటినులో వెలువరించుచు దానిని పూర్వగురువైన వోల్మార్‌కు అంకితము చేసెను. ఆ లేఖయందు తన బాల్యమును, విద్యను, పారిస్‌లోని ప్రలోభములను, వ్యాధిని, పశ్చాత్తాపమును, నిష్క్రమణమును వరుసగా చెప్పుకొనెను. దీనిని చదువునప్పుడు మూడు సంగతులు గమనింపవలెను. మొదటిది కాలము. ఇది 12 సంవత్సరములు గడచిన పిమ్మట వ్రాసినది. అప్పటికి ఆతడు జెనీవాలో బోధకుడు, 1559 జూన్‌లో నెలకొన్న విద్యాపీఠమునకు ప్రథమాధ్యక్షుడు. రెండవది సందర్భము. ప్రతిపక్షులు ఆతని పద్యసంపుటమును చేతబట్టుకొని, ఇట్టి పద్యములు వ్రాసినవాడు ధర్మము బోధింప నర్హుడా యని అధిక్షేపించుచుండిరి. కావున ఆ లేఖకు ఆత్మరక్షణము ఒక ప్రయోజనము. మూడవది అన్నిటికంటె ముఖ్యము. 1548 నాటి పద్యసంపుటమును ఆతడు ఎవరికి అంకితము చేసెనో, 1560 నాటి విశ్వాసప్రకటనను సైతము వారికే అంకితము చేసెను. తెగినదని చెప్పబడు జీవితమునకు రెండు కొసలయందును ఒకే గురువు నిలిచియున్నాడు.

వ్యాధి, మృత్యుభీతి, వాయిదాపడిన సంకల్పము, సర్వపరిత్యాగము అను ఈ క్రమము క్రైస్తవవాఙ్మయమునకు క్రొత్త కాదు. అగస్టీను ఆత్మకథ నాటినుండియు పశ్చాత్తాపకథనమునకు ఇట్టి క్రమము ఒక కవిసమయము వంటిది. బేజా అసత్యమాడెనని మేమనుట లేదు. అనుభవము నిజమే కావచ్చును. ఆ అనుభవమును కూర్చిన చట్రము మాత్రము పూర్వులది. చట్రమునందు ఇమడని సంగతులను కథకుడు వదలివేయుట సహజము. వదలబడిన వానిని వెదకుటయే పరిశోధకుని పని.

ఇక ఆ 1548 నాటి సంపుటమును పరిశీలింతము. దానిని చదువనివారు అది యంతయు కాముకపద్యముల ప్రోగు అని తలంతురు. వస్తుతః అందు దీర్ఘవర్ణనాత్మకములైన సిల్వలు, ఎలిజీలు, చరమశ్లోకములు, మన చాటువులను పోలిన ఎపిగ్రాములు కలవు. కాందిదా అను ప్రేయసిని గూర్చిన పద్యములు అందొక భాగము మాత్రమే. అవియు కాటల్లస్, ఓవిడ్, మార్షియల్ అను ప్రాచీనకవుల బాటలో నడచినవి. సిల్వలలో ఒకటి దావీదురాజు రచించినవని ప్రసిద్ధి గల పశ్చాత్తాపకీర్తనలకు పద్యరూపమున వ్రాసిన పీఠిక. అందు మన్మథునివంటి క్యుపిడ్ యూదయదేశమునకు ఎగిరివచ్చి దావీదుపై బాణము విడుచును. రాజు బత్షెబను చూచి పతితుడగును. పిదప పరితప్తుడై కీర్తనము లాలపించును. రోమకుల ప్రేమదేవతయు, హెబ్రీయుల భక్తరాజును ఒకే పద్యములో కలిసికొనిన ఘట్టమిది. దీనిని వ్రాసినవాడు 1548లో మఠమాన్యములు తినుచున్న శృంగారకవియే. దావీదు కీర్తనలు, పాపము, పశ్చాత్తాపము అను విషయములు ఆతనికి జెనీవాలో క్రొత్తగా దొరకినవి కావు. అవి ఆతడు ఖండించుకొన్న గ్రంథములోనే యున్నవి.

శత్రువులు ఈ సంపుటము నుండి ఒక జీవితమునే కల్పించిరి. కాల్విన్‌తో విభేదించి జెనీవా నుండి వెడలగొట్టబడిన జెరోమ్ బోల్సెక్ 1577లో కాల్విన్ జీవితమును, 1582లో బేజా జీవితమును నిందామయముగా రచించెను. వారి పద్ధతి సులభమైనది. పద్యములోని కాందిదా క్లోదీనే యనిరి. ఓదెబేర్ అను మిత్రునిపై వ్రాసిన ఎపిగ్రాము ఆధారముగా చెప్పరాని దోషములను ఆరోపించిరి. కవి చేసిన పశ్చాత్తాపమే నేరాంగీకారమని వాదించిరి. పద్యములోని 'నేను' అను పదమును కవిగా భావించుట మన సాహిత్యచరిత్రలకును అపరిచితము కాదు. శ్రీకాళహస్తీశ్వరశతకమునందలి నిర్వేదమును చూచి, ధూర్జటి యౌవనమున వేశ్యాలోలుడై పిదప విరక్తుడయ్యెనని లోకము కథ యల్లినది. శతకము భక్తునిచే పలికించు పలుకునకును, కవి దినచర్యకును మధ్య నున్న దూరమును ఆ కథ లెక్కింపలేదు. బేజా విషయమునందును ఇదే జరిగినది. విశేషమేమనగా, ఇచ్చట ఆ కథకు తొలిదారము అందించినవాడు కవియే.

తాను నిందించుకొన్న పద్యములను బేజా నిజముగా విడిచెనా? విడువలేదు. 1569లో ఆతడు తన పద్యములను రెండవసారి ప్రకటించెను. అపవాదమునకు తావిచ్చిన పద్యములలో పెక్కింటిని తొలగించెను, క్రొత్తవానిని చేర్చెను. 1597లో, 78 ఏండ్ల వయస్సున, మఱల ప్రకటించెను. కవిత్వమును పాపముగా నెంచినవాడు దానిని పరిష్కరించి పునర్ముద్రణము చేయడు. పరిష్కరించినవాడు దానిని తన సొత్తుగా నెంచుచున్నాడనుటకు సందేహము లేదు. సమకాలికులలో ఈ సంగతిని సూటిగా గ్రహించినవాడు మోన్తేన్. ఆతడు కథోలికుడు, బేజా మతమునకు విరోధి. అయినను తన వ్యాసములలో ఆ కాలపు ఉత్తమ లాటిను కవులను లెక్కించుచు బేజాను చేర్చెను. 1581లో రోమునగరమున గ్రంథపరిశీలకులు పాషండులైన కవులను పేర్కొనుటను తప్పుగా నెంచిరి. మోన్తేన్ ఆ పేరు తొలగింపలేదు. పాషండుడైనంత మాత్రమున కవి కాకపోవునా యను ఆతని వైఖరి సాహిత్యవిమర్శకునకు ఆదర్శప్రాయము.

1549లో బేజా లోజాన్ నగరపు విద్యాపీఠమున గ్రీకుభాషాచార్యుడయ్యెను. 1550లో 'అబ్రాహాము బల్యర్పణము' అను నాటకమును ఫ్రెంచిభాషలో రచించి ప్రకటించెను. దానిని విద్యార్థులు లోజాన్‌లో ప్రదర్శించిరి. పునర్జన్మ మెత్తెనని చెప్పబడిన రెండేండ్లలోనే ఆతడు చేసిన పని నాటకరచన యని మఱవరాదు. ఫ్రెంచిభాషలో స్వతంత్రముగా వెలసిన తొలి విషాదనాటకముగా దీనిని చరిత్రకారులు పేర్కొందురు. జోడెల్ రచించిన క్లియోపాత్రా నాటకము దీని తరువాతిది. ఇంగ్లీషున ఆర్థర్ గోల్డింగ్ చేసిన అనువాదము 1577లో వెలువడెను. పీఠికలో బేజా తాను పూర్వము కవిత్వమునందు వ్యయపఱచిన కాలమును గూర్చి విచారించెను, ప్రాచీనులను అనుకరించి దుర్బోధముగా వ్రాయు సమకాలికకవులను ఆక్షేపించెను, సరళభాషను తాను ఎన్నుకొన్నట్లు చెప్పెను. ఇతివృత్తము సగము విషాదాంతమునకును, సగము సుఖాంతమునకును చెందినదని గుర్తించి, ఐనను విషాదనాటకమను పేరునే నిలిపెను. ఇట్టి చర్చ కవిత్వము విడిచినవాడు చేయునది కాదు, కవిత్వమార్గము మార్చుకొన్నవాడు చేయునది.

కథ ఆదికాండము 22వ అధ్యాయము లోనిది. దేవుడు అబ్రాహాము భక్తిని పరీక్షింపదలచి ఏకైకపుత్రుడైన ఇస్సాకును బలి యిమ్మని ఆజ్ఞాపించును. తండ్రి కత్తి యెత్తగా దేవదూత వారించును. మూలమున తండ్రి మనోవేదనను గూర్చి ఒక్క మాటయు లేదు. ఆతడు తెల్లవాఱుజామున లేచి గాడిదకు గంత కట్టి బయలుదేఱెను, అంతే. ఆ మౌనమును బేజా మాటలతో నింపెను. పుత్రుని ఇచ్చి, వాని సంతతిని గూర్చి వరమిచ్చిన దేవుడే వానిని చంపుమనుట తన వాగ్దానమును తానే భంగపఱచుట కాదా యని అబ్రాహాము తర్కించును. తల్లి శారా కుమారుని ఎడబాటునకు కలత చెందును. గొఱ్ఱెలకాపరులు గానము చేయుదురు. సాతాను సన్న్యాసివేషమున రంగమున తిరుగును. కథోలిక సన్న్యాసులను వెక్కిరించుట ఆ వేషమునకు ప్రయోజనము. తండ్రికొడుకుల తుదిసంభాషణము విని ఆ సాతానే చలించును. దేవునికిని ప్రకృతికిని శత్రువునైన తనకే ఈ దృశ్యము చూడగా జాలి పుట్టబోవుచున్నదని వాడు పలుకును. ఈ నాటకమునకు పరమోత్కర్ష ఈ ఘట్టమని మా యభిప్రాయము. ప్రతినాయకునకు సైతము కరుణను స్పృశింపజేయుట సామాన్యకవికి సాధ్యము కాదు.

ఈ ఘట్టమును చదువు తెలుగువారికి హరవిలాసమునందలి సిరియాళుని కథ తలపునకు రాకమానదు. అచ్చటను దైవము పుత్రబలిని కోరును, అచ్చటను తుదకు పుత్రుడు దక్కును. భేదము రసనిర్వహణమున నున్నది. సిరియాళుని కథలో తల్లిదండ్రులు పుత్రుని చంపి వండి వడ్డింతురు. అది సంశయమునకు తావీయని వీరభక్తి. బేజా నాటకమున సంశయమే వస్తువు. వాత్సల్యమునకును భక్తికిని నడచు పోరాటమును ఆతడు కడవఱకు నిలిపి, భక్తికి విజయము చేకూర్చినను, వాత్సల్యమును అవమానింపలేదు.

నాటకము పిమ్మట ఆతని లేఖిని కీర్తనలవైపు తిరిగెను. దావీదు కీర్తనలను ఫ్రెంచి పద్యములుగా అనువదింప పూనుకొన్న క్లెమాన్ మారో 49 కీర్తనలను ముగించి 1544లో మరణించెను. మిగిలిన 101 కీర్తనలను బేజా పూరించెను. 1551లో 34 కీర్తనలు వెలువడెను. 1562లో 150 కీర్తనల సంపూర్ణగ్రంథము ముద్రితమయ్యెను. పాడుటకు వీలుగా నూఱుకు మించిన పద్యబంధములను ఇందు వాడిరి. ఫ్రెంచి ప్రొటెస్టెంటులు దేవాలయమునను, యుద్ధరంగమునను, వధ్యస్థానమునను ఈ కీర్తనలనే పాడిరి. 1548 నాటి సిల్వలో కీర్తనలకు పీఠిక వ్రాసినవాడు 14 సంవత్సరములకు కీర్తనల యనువాదమునే పూర్తిచేసెను. ఇందు విచ్ఛేదమెక్కడ? 1561 సెప్టెంబరులో పువాసీ గ్రామమున రాజమాత కాథరీన్, బాలరాజు 9వ ఛార్లెస్ సమక్షమున ఉభయమతములవారికి సంవాదము జరిగినపుడు సంస్కరణపక్షమున మాటలాడినవాడును బేజాయే. గ్రీకు క్రొత్తనిబంధనను అనేక పర్యాయములు పరిష్కరించి వ్యాఖ్యానించినవాడును ఆతడే. ఆతడు 1581లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు సమర్పించిన ప్రాచీనప్రతి నేటికిని ఆతని పేరనే పిలువబడుచున్నది. వాగ్మితకును పరిష్కరణమునకును పునాది వోల్మార్ కడ నేర్చిన గ్రీకును, లాటిను పద్యాభ్యాసమును.

ఇంతవఱకు అవిచ్ఛిన్నత కీర్తికరముగనే యున్నది. ఇక రెండవ పార్శ్వమును చూడవలెను. 1553 అక్టోబరు 27వ తేదీన మైకేల్ సెర్వేటస్ అను వైద్యుడు, త్రిత్వసిద్ధాంతమును నిరాకరించిన కారణమున, జెనీవా పురపాలకసభ తీర్పుననుసరించి సజీవదహనము పొందెను. మఱుసటి సంవత్సరము బాసెల్ నగరమున పాషండులను హింసింపదగునా యను ప్రశ్నతో ఒక గ్రంథము మాఱుపేరున వెలువడెను. దానిని కూర్చినవారిలో ముఖ్యుడు సెబాస్టియన్ కాస్టెల్లియో. ప్రాచీనాచార్యుల వాక్యములతోపాటు లూథరు, బ్రెంజ్, తుదకు కాల్విన్ సహితము పూర్వము సహనమును గూర్చి చెప్పిన వాక్యములను అందు చేర్చిరి. ఆ 1554వ సంవత్సరముననే బేజా ప్రత్యుత్తరము వ్రాసెను. పాషండులను రాజ్యాధికారి దండింపవలెనని ఆ గ్రంథము ప్రతిపాదించును. దైవాజ్ఞలు చెక్కిన రెండు పలకలకును రాజ్యాధికారి రక్షకుడనియు, ఆత్మలను చంపువాడు దేహములను చంపువానికంటె ఘోరాపరాధి యనియు ఆతని వాదము.

సెర్వేటస్ విచారణలో బేజాకు పాత్ర లేదు. ఆతడప్పుడు లోజాన్‌లో అధ్యాపకుడు. ఆ కాలమున ఇట్టి దండనమును సమర్థించినవారు ఉభయమతములయందును పెక్కుమంది. ఈ రెండు సంగతులును చెప్పక తప్పదు. అవి చెప్పిన పిమ్మట సైతము ఒక ప్రశ్న మిగులును. 1550లో కత్తి యెత్తిన తండ్రి హృదయమును చీల్చి చూపిన కవి, సాతానునకు సైతము జాలిని స్ఫురింపజేసిన కవి, 1554లో మంటలో కాలిన మనుష్యుని గూర్చి ఏమి వ్రాసెను? ఆ గ్రంథమున వాదము కలదు, ప్రమాణములు కలవు, ప్రతిపక్షఖండనము కలదు. నాటకమున ఎదిరిపక్షమునకు గొంతు నిచ్చి వినిన కవి, వాదగ్రంథమున ఆ పక్షపు మాటలను ఖండించుటకు మాత్రమే తెచ్చెను. పరస్పరవిరుద్ధములైన ఇద్దఱు మనుష్యులను మనమిచ్చట కల్పింపనక్కఱలేదు. నాటకములో కరుణ యెంత గొప్పదైనను తుదకు ఆజ్ఞకు లోబడవలసినదే. వారించుటకు దేవదూత వచ్చెను గనుక ఆ లోబడుటలోని భయంకరత్వము ప్రేక్షకునకు కానరాలేదు. షాంపెల్ గుట్టపై దేవదూత రాలేదు. ఆజ్ఞయే పరమమను తత్త్వము రెండు గ్రంథములకును సమానము. నాటకములో కవి దానికి మూల్యమెంతో చూపెను, వాదగ్రంథములో ఆ మూల్యమును లెక్కింపలేదు. ఇది బేజాపై మేము చేయు గట్టి ఆక్షేపణము. మతము మాఱినందున కలిగిన దోషము కాదిది, తన ఉత్తమరచనలో తాను కనుగొన్నదానిని తానే మఱచిన దోషము.

1572 ఆగస్టు 24వ తేదీన పారిస్‌లో ప్రొటెస్టెంటుల సంహారము ఆరంభమై ఇతరనగరములకు ప్రాకెను. ప్రాణములు దక్కినవారిలో పలువురు జెనీవాకు శరణార్థులై వచ్చిరి. అప్పుడు బేజా ప్రజలపై రాజ్యాధికారుల హక్కులను గూర్చి ఒక గ్రంథమును రచించెను. ఫ్రాన్సు రాజునకు కోపము వచ్చునని జెనీవా సభ దాని ప్రకటనకు సమ్మతింపలేదు. 1574లో అది కర్తనామము లేకయే వెలువడెను. రాజు నిరంకుశుడై ప్రజలను హింసించునప్పుడు క్రింది అధికారులును, దేశపు వర్గసభలును ఆతని నెదిరింపవచ్చునని దాని సారాంశము. దీనిని చూచి, అధికారమును పొగడినవాడే తనవారికి దెబ్బ తగులగనే ప్లేటు ఫిరాయించెనని పలువురు విమర్శింతురు. ఈ విమర్శ 1554 నాటి గ్రంథమును పూర్తిగా చదువనందున కలిగినది. సెర్వేటస్ దహనమును సమర్థించిన ఆ గ్రంథముననే క్రింది అధికారుల ధర్మమును గూర్చి, పై ప్రభువు తన విధిని ఉల్లంఘించినను వారు సద్ధర్మమును రక్షింపవలసిన బాధ్యతను గూర్చి, చక్రవర్తిని ఎదిరించిన మాగ్డెబర్గ్ నగరమును ఉదాహరించుచు చెప్పియున్నాడు. అధికారమనునది దేవుడప్పగించిన విధి యనుట ఒకే సూత్రము. ఆ సూత్రము నుండియే పాషండదండనమును పుట్టినది, నిరంకుశప్రతిఘటనమును పుట్టినది. బేజా మాట తప్పలేదు. మాట తప్పకుండుటయే ఇచ్చట చిక్కు. సంహారమునకు గురియైన ప్రజల పక్షమున అంత చక్కగా వాదించినవాడు, సెర్వేటస్ పక్షమున అట్టి వాదమునకు తావు కలదేమో యని 1574లో సైతము వెనుదిరిగి చూడలేదు.

జీవితచరిత్రకారుడుగా బేజాను పరిశీలించిననే గాని ఈ విచారము పూర్తి కాదు. 1564 మే 27వ తేదీన కాల్విన్ మరణించెను. ఆ సంవత్సరమే బేజా ఆతని జీవితమును ఫ్రెంచిభాషలో, కాల్విన్ యెహోషువ గ్రంథవ్యాఖ్యకు పీఠికగా ప్రకటించెను. 1565లో సహచరుడు నికొలా కొలాదోన్ దానిని పెంచెను. 1575లో బేజా కాల్విన్ లేఖలకు ముందుంచి లాటినులో తిరిగి వ్రాసెను. సాధువుల చరిత్రలందు కనబడు అద్భుతములు ఇందు లేవు. పాఠములు, ప్రసంగములు, లేఖలు, రోగములు, గ్రంథములు, వివాదములు ఇందలి సామగ్రి. లాటిను చరిత్రము సంవత్సరక్రమమున నడచును. 16 సంవత్సరములు ప్రత్యక్షముగా చూచినవాడనని చెప్పుకొన్నను, కాల్విన్ కోపస్వభావుడని అంగీకరించుటకు బేజా వెనుదీయలేదు. సెర్వేటస్ ఘట్టమున మాత్రము చరిత్రకారుడు తొలగి న్యాయవాది ప్రవేశించును. శిష్యుడు వ్రాసిన గురుచరిత్రమునకు గల గుణమును దోషమును ఇందు స్పష్టము. మాకు విశేషముగా తోచునది వేఱొకటి. కాల్విన్ జీవితమును బేజా ఏటికేడు తెగని త్రాటివలె చెప్పెను. తన జీవితమును మాత్రము తానే రెండుగా కోసి చెప్పెను. చేతనున్న సామగ్రి భేదము దీనికి హేతువు కాదు. కాల్విన్‌కు యౌవనమున శృంగారపద్యసంపుటము లేదు, బేజాకు కలదు. ఆ యొక్క పుస్తకమును వేఱుగా నుంచుటకే కోత అవసరమయ్యెను.

ఆ కోత ఆతనిని రక్షింపలేదు కూడ. 1588లో క్లోదీన్ మరణించెను. ఆ సంవత్సరమే ఆతడు ఒక వితంతువును వివాహమాడెను. సంతానము లేదు. 1597లో బేజా మరణించెననియు, మరణకాలమున రోము మతమున చేరెననియు వదంతి పుట్టగా, జీవించియున్న ఆతడే దానిని ఖండింపవలసివచ్చెను. ఒకమాఱు జీవితము పూర్తిగా మాఱినదని లోకమును నమ్మించినవానికి, అది రెండవమాఱును మాఱినదని లోకము నమ్మబూనుట వింత కాదు.

నేడు ఈ విచారమునకు సామగ్రి సమృద్ధిగా నున్నది. 1899లో బేర్డ్ ఇంగ్లీషునను, 1949లో గైసెండార్ఫ్ ఫ్రెంచిభాషయందును బేజా జీవితచరిత్రములను వెలువరించిరి. 1960లో ఆరంభమైన ఆతని లేఖల ముద్రణము 2017లో 43 సంపుటములతో ముగిసినది. 1560 నాటి ఒక్క అంకితలేఖపై ఆధారపడవలసిన యగత్యము ఇపుడు లేదు. 1548, 1569 ముద్రణములను ప్రక్కప్రక్కన నుంచి, ఏ పద్యము తొలగెను, ఏది నిలిచెను, నిలిచినదానిలో ఏ పాదము దిద్దబడెను అని సరిచూచినచో, పశ్చాత్తాపలేఖ చెప్పనిది అనేకము తెలియగలదు. మన కవుల అవతారికలను, ఆశ్వాసాంతగద్యలను జీవితమునకు ఆధారములుగా గైకొను విద్యార్థులకు ఈ యుదాహరణము ఉపకరించును. అవతారిక యెవరికొఱకు, ఏ సందర్భమున, ఎంత కాలము గడచిన పిమ్మట వ్రాయబడెనో ముందు నిర్ణయించి, పిదప అందలి మాటను కవి పూర్వరచనలతో పోల్చవలెను. బేజా విషయమున ఆ పోలిక చేసినచో శృంగారకవి యొకడు, మతాచార్యుడు వేఱొకడు కానరారు. దావీదుపై క్యుపిడ్ చేత బాణము వేయించినవాడును, ఇస్సాకును చూచి సాతానును కరిగించినవాడును, సెర్వేటస్ విషయమున కరగనివాడును ఒక్కడే. ఆ యొక్కనిని ఒక్కనిగనే చూచి, ఆతని కరుణకు మెచ్చి, ఆతని కాఠిన్యమునకు ఆతనినే బాధ్యుని చేయుట న్యాయమని మేము భావించుచున్నాము.